వెల్లకిల, బోర్ల

చదివే ముందు ఒక పని చేయండి. పుస్తకం ఒళ్ళో పెట్టుకోండి. కుడి మోచేతిని డొక్కకు ఆనించండి. ముంజేతిని ముందుకు చాపండి. ఇప్పుడు అరచెయ్యి పైకి తిప్పండి. గుళ్ళో ప్రసాదం పెడితే పట్టుకుంటామే, అలాగ. ఇది వెల్లకిల. ఇప్పుడు అరచెయ్యి కిందికి తిప్పండి. పసిబిడ్డ తల నిమిరినట్టు. ఇది బోర్ల.

మోచెయ్యి డొక్కను వదిలిందా? లేదు. భుజం తిరిగిందా? లేదు. మరి చెయ్యి ఎలా తిరిగింది?

"మణికట్టు తిరిగింది" అంటారు చాలామంది. కాదక్కా. మణికట్టు ముందుకూ వెనక్కూ వంగుతుంది. పక్కలకు కొంచెం ఒరుగుతుంది. అంతే. అది తిరగదు. తిరిగేది ముంజెయ్యి. అంటే మోచేతికీ మణికట్టుకూ నడుమ ఉన్న భాగం.

చెయ్యి వెల్లకిల తిప్పడాన్ని డాక్టర్లు సూపినేషన్ అంటారు. బోర్ల తిప్పడాన్ని ప్రొనేషన్ అంటారు. మనకు మన మాటలే చాలు. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు పంచుతాం. ఆ బోర్లే ఈ బోర్ల.

రెండు ఎముకలు

ముంజేతిలో రెండు ఎముకలు ఉన్నాయి. ఒకటి చిటికెన వేలి వైపు. ఒకటి బొటన వేలి వైపు. స్కూలు పుస్తకాల్లో చిటికెన వేలి వైపు దాన్ని అరత్ని అంటారు. బొటన వేలి వైపు దాన్ని రత్ని అంటారు. పిల్లల పుస్తకం తీసి చూడండి, బొమ్మ ఉంటుంది. ఈ పాఠంలో మనం చిటికెన ఎముక, బొటన ఎముక అనుకుందాం.

మోచెయ్యి మడవండి. వెనక గట్టిగా ఒక కొన పొడుచుకు వస్తుంది. అక్కడ ఎడమ చేతి వేలు పెట్టండి. చిటికెన వేలి వైపుగా మణికట్టు దాకా తడుముకుంటూ రండి. చర్మం కిందే ఒక ఎముక తిన్నగా తగులుతుంది. అది చిటికెన ఎముక. చెయ్యి తిప్పినా అది పెద్దగా కదలదు.

కదిలేది బొటన ఎముక. రెండు చీపురుపుల్లలు తీసుకుని చూడండి. చెయ్యి వెల్లకిల ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి, బండి నొగల్లాగ. చెయ్యి బోర్ల తిప్పగానే బొటన ఎముక కింది కొన రెండో ఎముక మీదుగా దాటి అవతలికి వస్తుంది. రెండూ కత్తెర వేసినట్టు అడ్డంగా పడతాయి. మళ్ళీ వెల్లకిల తిప్పితే విడిపోతాయి.

మరి బొటన ఎముక పై కొన ఎక్కడ ఉంటుంది? మోచేతి దగ్గర. అది గుండ్రంగా, చిన్న గుండీలాగ ఉంటుంది. దాని చుట్టూ గట్టి నార పట్టీ ఒకటి ఉంగరంలాగ చుట్టుకుని ఉంటుంది. వేలికి వదులు ఉంగరం పెట్టుకుని వేలు తిప్పితే ఉంగరంలో వేలు తిరుగుతుంది కదా. అలాగే ఆ గుండీ ఆ పట్టీలో తిరుగుతుంది. ఈ ఉంగరం సంగతి గుర్తు పెట్టుకోండి. కాసేపట్లో దానితో పని ఉంది.

పొద్దున లేచిన దగ్గర నుంచి ఈ తిప్పుడు ఎన్నిసార్లు తిప్పుతామో లెక్క పెట్టలేం. తాళం తీయాలన్నా ఇదే. దోసె తిరగెయ్యాలన్నా ఇదే. అన్నం ముద్ద తీసేటప్పుడు చెయ్యి బోర్ల. నోటికి చేర్చేటప్పుడు వెల్లకిల. చీర పిండేటప్పుడు ఒక చెయ్యి ఒకవైపు, రెండో చెయ్యి ఎదురువైపు. దోసిలి పట్టాలంటే రెండు చేతులూ వెల్లకిల రావాలి.

వెల్లకిల తిప్పడానికే చేతికి బలం ఎక్కువ. దండచేతి ముందు భాగంలో ఉన్న పెద్ద కండ ఆ పనిలో సాయం పడుతుంది. నమ్మకం లేదా? మోచెయ్యి మడిచి, గట్టి మరమేకు బిగిస్తున్నట్టు చెయ్యి తిప్పండి. ఎడమ చేత్తో ఆ కండ పట్టుకుని చూడండి. గట్టిపడుతుంది. అందుకే కుడిచేత్తో మరమేకు బిగించడం సులువు, ఊడదీయడం కష్టం. ఊడి రాకపోతే ఎడమ చేత్తో తిప్పి చూడండి. అప్పుడు ఎడమ చెయ్యి వెల్లకిల వైపు తిరుగుతుంది, బలం వస్తుంది. ఈ కిటుకు మగవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

రోజూ దుప్పట్లు, చీరలు పిండే వాళ్ళకు కొందరికి మోచేతి బయటి వైపు నొప్పి వస్తుంది. చెంబు ఎత్తితే నొప్పి. తలుపు గొళ్ళెం తిప్పితే నొప్పి. దీనికి డాక్టర్లు టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టారు. బంతాట ఆడేవాళ్ళకు వస్తుందని ఆ పేరు. ఆట ముఖం చూడని మనకూ వస్తుంది. పేరు మాత్రం ఆటగాళ్ళకు దక్కింది! బరువు బట్టను మెలిపెట్టి పిండకండి. కుళాయి మీదో, దండెం మీదో వేలాడదీసి నీళ్ళు కారనివ్వండి. ఆ తర్వాత చిన్న చిన్న మడతలుగా నొక్కండి. చేతికి కొన్నాళ్ళు ఈ పని తగ్గిస్తే చాలామందికి నొప్పి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రిలో చూపించుకోండి.

పసిబిడ్డ చెయ్యి

ఇప్పుడు ఆ ఉంగరం సంగతి.

బస్సు వచ్చింది. మీ ఒక చేతిలో సంచి ఉంది. రెండో చేతిలో రెండేళ్ళ బిడ్డ చెయ్యి ఉంది. బిడ్డ నేల మీద ఏదో చూస్తూ నిలబడ్డాడు. "రారా, బస్సు వెళ్ళిపోతుంది" అని ఒక్క గుంజు గుంజారు. బిడ్డ కెవ్వుమన్నాడు. బస్సు ఎక్కాక ఏడుపు తగ్గింది. కానీ ఆ చెయ్యి ఎత్తడం లేదు. బిస్కెట్ ఇస్తే రెండో చేత్తో తీసుకుంటున్నాడు. చెయ్యి కొంచెం మడిచి, బోర్ల తిప్పి, ఒంటికి ఆనించుకుని ఉన్నాడు. ముట్టుకుంటే ఏడుపు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ "దిష్టి తగిలింది" అంటుంది. తాత "మొండికేస్తున్నాడు" అంటాడు. ఆయన "ఏం చేశావు బిడ్డని?" అని మీ మీద అరుస్తాడు.

జరిగింది ఇది. చిన్నపిల్లల్లో బొటన ఎముక చుట్టూ ఉన్న ఆ ఉంగరపు పట్టీ ఇంకా గట్టిపడదు. చెయ్యి పట్టి గుంజితే గుండీలాంటి కొన పట్టీలోంచి కొంచెం జారుతుంది. పట్టీ కీలు మధ్యకు వచ్చి ఇరుక్కుంటుంది. ఇక చెయ్యి వెల్లకిల తిరగదు. తిప్పితే నొప్పి. ఎముక విరగలేదు. వాపు కూడా ఉండదు. చూడ్డానికి ఏమీ కనపడదు. అందుకే ఇంట్లో వాళ్ళు మొండితనం అనుకుంటారు.

ఇది ఎక్కువగా ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు జరుగుతుంది. ఐదేళ్ళు దాటాక పట్టీ గట్టిపడుతుంది. అప్పుడు ఇలా జారడం అరుదు. ఇందులో తల్లి తప్పు వెదకడం తగదు. అన్నం వద్దని పారిపోతుంటే పట్టుకున్నా జరుగుతుంది. చెరో చెయ్యి పట్టుకుని ఊయలలాగ ఊపితే కూడా జరుగుతుంది. ఆ ఆట పిల్లలకు ఎంతో ఇష్టం, మేనమామలకు ఇంకా ఇష్టం. ఆ వయసులో ఆడించకపోవడమే మంచిది.

ఏం చేయాలి? చెయ్యి కదలనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎలా జరిగిందో దాచకుండా చెప్పండి. "చెయ్యి పట్టి గుంజాను. పడలేదు" అని చెప్పండి. ఈ ఒక్క మాట డాక్టరుకు చాలా ఉపయోగం. డాక్టరు మోచెయ్యి పట్టుకుని ముంజేతిని ఒక పద్ధతిలో తిప్పుతారు. "టక్" మని చిన్న చప్పుడు వినపడవచ్చు. పట్టీ తన చోటికి వెళ్ళిపోతుంది. బిడ్డ ఒక్కసారి ఏడుస్తాడు. చాలాసార్లు పది, పదిహేను నిమిషాల్లోనే ఆ చేత్తో ఆడుకోవడం మొదలుపెడతాడు. చూస్తే మాయలాగ ఉంటుంది. మాయ ఏమీ లేదు, బొటన ఎముక తిరిగింది.

ఇంట్లో మీరు తిప్పి చూడకండి. నూనె రాసి లాగకండి. బిడ్డ కిందపడినా, చెయ్యి వాచినా, వంకరగా కనపడినా ఎముక విరిగి ఉండవచ్చు. అప్పుడు తిప్పితే హాని. ఎక్స్‌రే తీయాలి. తెలియని వాళ్ళ చేత బద్దలు వేయించి బిగించి కట్టించకండి. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడదు. వేళ్ళు నల్లబడి చెయ్యే పోయే ప్రమాదం ఉంది.

బిడ్డను ఎత్తాలంటే ఎప్పుడూ రెండు చంకల కింద పట్టుకుని ఎత్తండి. ఒకసారి జారిన చెయ్యి మళ్ళీ జారవచ్చు. కాబట్టి ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి. ముఖ్యంగా చంటిబిడ్డను మోసే అక్కలకు, అన్నలకు.

పెద్దవాళ్ళ మణికట్టు

ముసలమ్మ నీళ్ళగది దగ్గర జారింది. పడుతూ అరచెయ్యి నేలకు ఆనించింది. బరువంతా చేతి మీద పడి మణికట్టు దగ్గర బొటన ఎముక విరిగింది. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎముకల గట్టిదనం తగ్గుతుంది. అందుకే వాళ్ళకు ఈ విరుపు ఎక్కువ. సిమెంటు కట్టు వేస్తారు. కట్టులో ఉన్నంతకాలం వేళ్ళు మడవాలి, చాపాలి, భుజం కదపాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, కట్టు లోపల నొప్పి పెరుగుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

కట్టు విప్పాక చాలామందికి చెయ్యి వెల్లకిల రాదు. దోసిలి పట్టలేరు. డాక్టరు సరే అన్నాక మోచెయ్యి డొక్కకు ఆనించి, చేతిలో గరిటె నిలువుగా పట్టుకుని, మెల్లగా ఇటూ అటూ తిప్పాలి. గరిటె ఎంతవరకు ఒరిగిందో చూస్తే రోజురోజుకూ ఎంత మెరుగైందో తెలుస్తుంది. నొప్పి భయంతో కదపకుండా ఉంచితే చెయ్యి అలాగే బిగుసుకుపోతుంది.

పాదం కూడా తిరుగుతుంది

చెయ్యి తిరిగినంత పాదం తిరగదు. తిరిగితే నిలబడలేం. కానీ అది కూడా లోపలికీ బయటికీ ఒరుగుతుంది. చీలమండ కీలు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. దాని కింద, మడమ ఎముక పైన, ఇంకో కీలు ఉంది. పాదం ఒరిగేది ముఖ్యంగా అక్కడే.

పొలం గట్టు మీద నడిచేటప్పుడు గమనించండి. మడమ ముందు ఆనుతుంది. మడమ బయటి అంచు కొంచెం ముందుగా తగులుతుంది. ఆ వెంటనే పాదం లోపలి వైపుకు ఒరుగుతుంది. అరికాలి వంపు కొంచెం దిగుతుంది. పాదం వదులవుతుంది. వదులైన నులక మంచం ఒంటికి తగ్గట్టు ఒదిగినట్టు, పాదం కూడా మట్టిగడ్డకూ, రాయికీ తగ్గట్టు ఒదుగుతుంది. అడుగు అదురు అంతా మోకాలికి పోకుండా కొంత అక్కడే ఆగుతుంది. తర్వాత మడమ లేచేటప్పుడు పాదం మళ్ళీ బయటికి ఒరుగుతుంది. వంపు లేస్తుంది. పాదం కర్రలాగ గట్టిపడుతుంది. దానితో నేలను తన్ని ముందుకు వెళతాం. ఒక్క అడుగులో ఇంత జరుగుతుంది! ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉన్నది ఊరికే కాదు.

మీ పాదం ఎలాంటిదో చూడాలంటే కాలు తడిపి పొడి గచ్చు మీద అడుగు వేయండి. నడుమ సన్నగా పడితే వంపు మామూలుగా ఉన్నట్టు. పాదం మొత్తం పడితే చదునుపాదం. నడుమ ఏమీ పడకపోతే వంపు ఎక్కువ. చదునుపాదం ఉన్నంత మాత్రాన అది జబ్బు కాదు. నొప్పి లేకపోతే మందూ వద్దు, ఖరీదైన బూటూ వద్దు. చిన్నపిల్లలందరి పాదాలూ చదునుగానే కనపడతాయి. పెరిగే కొద్దీ వంపు వస్తుంది. బిడ్డను మునివేళ్ళ మీద నిలబెట్టండి. అప్పుడు వంపు కనపడితే దిగులు అక్కర్లేదు.

కడుపుతో ఉన్నప్పుడు కొందరు ఆడవాళ్ళకు పాదం వంపు దిగుతుంది. పాదం కొంచెం పొడవు కూడా అవుతుంది. కాన్పు తర్వాత పాత చెప్పులు పట్టకపోవడానికి ఇది ఒక కారణం. ఇరుకు చెప్పులతో అవస్థ పడకండి, కొత్తవి తీసుకోండి.

గట్టు మీద కాలు మడత పడితే ఎక్కువసార్లు అరికాలు లోపలికి తిరుగుతుంది. చీలమండ బయటి వైపు నరాలు పట్టేశాయి అంటాం. నిజానికి అక్కడ ఎముకలను కలిపి ఉంచే నార పట్టీలు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. మొదటి రెండు రోజులు మర్దన వద్దు, వేడి కాపడం వద్దు. కాలు ఎత్తులో పెట్టుకుని చల్లటి తడిగుడ్డ వేయండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయించండి.

ఈ ఒరిగే గుణం ఎంత ముఖ్యమో కాలు పోగొట్టుకున్న వాళ్ళకు తెలుస్తుంది. పూర్వం పెట్టే కట్టుడు కాలికి బూటు తప్పనిసరి. దాని పాదం ఒరిగేది కాదు. దానితో గట్టు మీద నడవలేరు, గొంతు కూర్చోలేరు. 1960లలో రాజస్థాన్‌లోని జైపూర్‌లో, సవాయ్ మాన్ సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు పాదం తయారు చేశారు. అది పైకీ కిందికీ వంగుతుంది, లోపలికీ బయటికీ ఒరుగుతుంది. వట్టి కాళ్ళతో పొలంలోకి దిగవచ్చు. దానికే జైపూర్ పాదం అని పేరు. 1981లో ప్రమాదంలో కాలు పోయిన సుధా చంద్రన్ ఈ పాదంతోనే మళ్ళీ నాట్యం చేసింది. ఆమె కథతో 1985లో తెలుగులో మయూరి సినిమా వచ్చింది. అందులో ఆమే నటించింది.

పుట్టుకతో వంకర పాదం

కొందరు బిడ్డలు పుట్టేటప్పుడే పాదం లోపలికి మెలిపడి ఉంటుంది. మడమ పైకి లాక్కుని, అరికాలు రెండో కాలి వైపు చూస్తూ ఉంటుంది. ఒక కాలికి ఉండవచ్చు, రెండు కాళ్ళకూ ఉండవచ్చు. సుమారు వెయ్యి మంది బిడ్డల్లో ఒకరికి ఇలా ఉంటుంది. క్లబ్ ఫుట్ అంటారు.

"గ్రహణం నాడు బయటికి వెళ్ళింది" అని తల్లిని అంటారు. గ్రహణానికీ పాదానికీ ఏ సంబంధమూ లేదు. తల్లి తిన్నదానికీ, కూర్చున్నదానికీ సంబంధం లేదు. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని ఇంకొందరు చెబుతారు. ఆ మాట ఇంకా చెడ్డది. అది దానంతటదే సర్దుకోదు. వదిలేస్తే బిడ్డ పాదం పక్క మీద, పాదం పై భాగం మీద నడుస్తుంది. అక్కడ కాయలు కాస్తాయి, పుండ్లు పడతాయి. ఆడపిల్ల అయితే ఊరి మాటలు వేరే.

కానీ దీన్ని సరిచేయవచ్చు. పెద్ద ఆపరేషన్ లేకుండానే చాలామందికి సరి అవుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇగ్నాసియో పాన్‌సెటి అనే డాక్టరు ఈ పద్ధతి కనిపెట్టారు. ఆయన 2009లో చనిపోయారు. ఆయన పద్ధతి ఇప్పుడు మన దేశంలో కూడా వాడుతున్నారు.

పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెడితే మేలు. డాక్టరు పాదాన్ని చేత్తో మెల్లగా కొంచెం బయటికి తిప్పి, తొడ దాకా సిమెంటు కట్టు వేస్తారు. వారానికి ఒకసారి కట్టు మారుస్తారు. ప్రతిసారీ ఇంకొంచెం తిప్పుతారు. పసిబిడ్డ కీళ్ళు మెత్తగా ఉంటాయి కాబట్టి పాదం దారికి వస్తుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడు కట్లు పడతాయి. చాలామందికి చివర్లో మడమ వెనక నరంలాంటి తాడును చిన్న గాటుతో వదులు చేస్తారు. తర్వాత మూడు వారాలు చివరి కట్టు.

కట్లు అయ్యాక పని అయిపోయిందని అనుకోవద్దు. అసలు పని అప్పుడే తల్లి చేతికి వస్తుంది. అడ్డ కడ్డీకి బిగించిన రెండు చిన్న బూట్లు ఇస్తారు. మూడు నెలలు దాదాపు రోజంతా తొడగాలి. స్నానానికి మాత్రం విప్పవచ్చు. ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రి పడుకునేటప్పుడు, పగటి నిద్రలో తొడగాలి. బిడ్డ మొదట్లో ఏడుస్తుంది. "పాదం బాగానే ఉంది కదా, పాపం ఎందుకు తొడుగుతావు" అని ఇంట్లో వాళ్ళు అంటారు. మీరు వినకండి. బూట్లు మానేస్తే పాదం మళ్ళీ లోపలికి తిరుగుతుంది. మళ్ళీ కట్లు మొదటి నుంచి. తొడిగితే బిడ్డ అందరిలాగ నడుస్తుంది, పరుగెత్తుతుంది. అడుగులు వేసిన నాడు అరిసెలు పంచవచ్చు.

2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డలను ఆసుపత్రిలోనూ, ఇంటి దగ్గరా, తర్వాత అంగన్‌వాడీల్లోనూ, బడుల్లోనూ చూస్తారు. అందులో చూసే లోపాల్లో వంకర పాదం ఒకటి. వైద్యం ఉచితం. బిడ్డ పెద్దదైపోయిందని మానకండి. ఏడాది, రెండేళ్ళు దాటినా చూపించండి. ఆలస్యమైతే కట్లు ఎక్కువ పడవచ్చు, ఆపరేషన్ కావలసి రావచ్చు. అయినా మేలు జరుగుతుంది.

రాయండి

ఇంట్లో అందరి చేతా తడి పాదంతో గచ్చు మీద అడుగు వేయించండి. నోటు పుస్తకంలో ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన "సన్నం", "నిండు", "ఖాళీ" అని రాయండి. నిండుగా పడ్డ వాళ్ళను "పాదం నొప్పి ఉందా?" అని అడిగి ఆ మాట కూడా రాయండి.

మీ వాడలో కాలు లోపలికి తిరిగి ఉన్న బిడ్డ ఉందా? ఉంటే ఆ తల్లికి ఈ పాఠం చదివి వినిపించండి. మీ ఊరి ఆశా కార్యకర్త పేరు, ఫోను నంబరు కింది గీత మీద రాసి ఆ తల్లికి ఇవ్వండి.

పేరు ......................... ఫోను .........................